పాలు లేని విందు, పరుగు పందెము

ఈనాటి నా ప్రసంగము ఒక ఇంటిలోని మాట. మూడు నాలుగు దినముల భోజనమును గూర్చియు, ఒక ఉదయపు పరుగును గూర్చియు చెప్పబోవుచున్నాను. ఇంటిమాటను పదిమందిలో చెప్పవలెనా యని మొదట సంకోచించితిని. కాని యిట్టి చిక్కు మా యింట మాత్రమే కాదు. పట్టణమున చదువుకొను పిల్లలు గల గ్రామములలో అచ్చటచ్చట ఇది నేడు కనుపించుచున్నది. బిడ్డ పండుగకు ఇంటికి వచ్చును. విస్తరి ముందు కూర్చుండును. అవ్వ నేతిగిన్నె యెత్తగనే చేయి అడ్డము పెట్టి వలదనును. వలదన్నది నేతిని, కాని అవ్వకు తన్నే వలదన్నట్లు తోచును. అక్కడినుండి కలహము. అట్టి కలహమును తీర్చుటకై పోయి, తీర్పు చెప్పుటకు మారుగా పాఠము నేర్చుకొని వచ్చినవాడను నేను. ఆ పాఠమును తమకు విన్నవించుట నా యుద్దేశము.

మాది చెల్పూరు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా, గణపురము మండలములోనిది. కాకతీయుల నాటి కోటగుళ్లు మా మండల కేంద్రమున నున్నవి. మా యూరి పేరు చెప్పగనే నేటివారికి కాకతీయ తాపవిద్యుత్కేంద్రము పొగగొట్టములు జ్ఞప్తికి వచ్చును. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నా కూతురు హైదరాబాదున కాపురమున్నది. ఆమె పెద్దబిడ్డకు అప్పటికి ఇరువది మూడేండ్లు. ఆ పిల్ల 2022లో మాంసమును, గ్రుడ్లను మాత్రమేగాక, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె సైతము మానివేసెను. దూడ త్రాగవలసిన పాలు తనకు వలదని ఆమె నియమము. దీనికి తోడు దూరపు పరుగులన్న ఆమెకు మిక్కిలి మక్కువ.

ఈ రెండింటికిని పొత్తు కుదరదని మేమందరము తలచితిమి. అట్లు తలచుటకు కారణము లేకపోలేదు. 2023లో ఒక పరుగున ఆమె పదునేడవ కిలోమీటరు చేరునప్పటికి కన్నులు తిరిగి దారి ప్రక్కన కూలబడెను. వైద్యులు రక్తము పరీక్షించి, బి-12 అను విటమిను మిక్కిలి తగ్గియున్నదనియు, రక్తము పలుచబడినదనియు చెప్పిరి. నాటినుండి ఆ యింట శాంతి లేదు. తల్లి పాలు త్రాగుమనును. తండ్రి పరుగు మానుమనును. పిల్ల రెండింటికిని ఒప్పుకొనదు. 2024 ఆగస్టు మాసమున హైదరాబాదు మారథానులో ఆమె మరల పరుగెత్తుటకు పేరిచ్చినదని తెలిసి, నా కూతురు టెలిఫోనులో, "బాపూ, నువ్వన్న వచ్చి చెప్పు. నీ మాటైతె ఇంటది" అని కంట తడి పెట్టెను.

నా భార్య మాట లేకుండ వెన్న కాచెను. ఒక సీసా నిండ నెయ్యి పోసి, మూతకు గుడ్డ కట్టి, సంచిలో పెట్టెను. అది శ్రావణ మాసము. సోమవారము కృష్ణాష్టమి. "వెన్నదొంగ పండుగనాడు పిల్ల వెన్న వద్దంటదా, చూస్త" అని ఆమె పంతము. నేను జొన్నపిండి, నువ్వులు, పల్లీలు, పుంటికూర కట్టలు మూటగట్టితిని. ఆ జొన్నలును మా యూరి పంట కావు, కొని తెచ్చి పట్టించినవి. నా చిన్ననాట ఇంటింట జొన్నయే అన్నము. నేడు మా పొలములలో వరియు, ప్రత్తియు, మిరపయు నున్నవి. ఆగస్టు 23, శుక్రవారమునాడు మేమిద్దరమును బస్సెక్కి, పరకాల, హనుమకొండల మీదుగా హైదరాబాదు చేరితిమి.

ముందుగా ఆ నియమము సంగతి చెప్పెదను. దీనిని ఇంగ్లీషువారు 'వీగన్' అందురు. 1944లో ఇంగ్లండునందు డొనాల్డ్ వాట్సన్ అను నతడు మఱికొందరితో కూడి యొక సంఘమును స్థాపించెను. మాంసము విడిచియు పాలు విడువని శాకాహారులకును తమకును భేదము తెలియుటకై వారు కల్పించుకొన్న మాట యిది. మన దేశమున శాకాహారమనిన పాలు, పెరుగు, నెయ్యి అందు చేరినవే. కావున దీనిని 'పాలు లేని శాకాహారము' అని నేను చెప్పుచుందును.

ఆ రాత్రి భోజనమునకు కూర్చుంటిమి. వంటంతయు మనుమరాలే చేసెను. వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, నువ్వుల పొడి, ఉల్లిగడ్డ వేసిన పచ్చిపులుసు, సర్వపిండి. సర్వపిండిలో పల్లీలు, నానిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు వేసి గిన్నెకు ఒత్తి, నూనెతో ఎఱ్ఱగా కాల్చెను. నా భార్య తప్పు వెదకుదమని కూర్చున్నది, రెండవ రొట్టె తినునప్పటికి ఆశ్చర్యపడి, "గిదంత మా అవ్వ తిన్న కూడే గద!" అనెను. పిల్ల నవ్వి, "అదే చెప్తున్న అమ్మమ్మా. నేను కొత్తగ తెచ్చింది ఏం లేదు" అనెను.

ఆ మాట నిజము. మా చిన్ననాట కూలిచేయు ఇండ్లలో పాడి యెక్కడిది? బఱ్ఱె యున్న యింట కూడ పాలు అమ్మకమునకు పోయెడివి. ప్రొద్దున జొన్నగటుక, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు. సాయంకాలము రొట్టె, ఏదో యొక ఆకుకూర. ఆ తిండితోనే నాగలి వెనుక ప్రొద్దుగ్రుంకువఱకు నడచిరి. పాలు, నెయ్యి లేనిదే బలము లేదనుట కలవారి యిండ్లలో పుట్టిన మాట.

కాని యింతటితో నేను సంతోషించి యూరకుండినచో అసత్యమగును. మా అవ్వలు గటుకయే తినినను, చెఱువు తెగినప్పుడు చేపలు తినిరి. సమ్మక్క జాతరకు కోడిని కోసిరి. పొరుగింటినుండి చల్ల తెచ్చుకొనిరి. కొంచెమైనను, అప్పుడప్పుడైనను, జంతు సంబంధమైన ఆహారము వారి కడుపున పడుచుండెను. మనుమరాలి విస్తరిలో అదియును లేదు. ఈ చిన్న భేదమునందే ఆమె పడిపోవుటకు ఒక కారణము దాగియున్నది. దానిని మఱునాడు తెలిసికొంటిని.

మఱునాడు శనివారము. ఈ హైదరాబాదు మారథాను రెండు దినముల యుత్సవము. శనివారమునాడు అయిదు కిలోమీటర్ల పరుగు. ఆదివారమునాడు పది, ఇరువదియొకటి, నలువదిరెండు కిలోమీటర్ల పరుగులు. పూర్తి మారథాను దూరము 42.195 కిలోమీటర్లు. 1908లో లండను ఒలింపిక్కులలో ఈ దూరము పరుగెత్తిరి. 1921నుండి అదియే ప్రమాణమయ్యెను. అందు సగము మా పిల్ల పరుగెత్తునది. శనివారపు అయిదు కిలోమీటర్లకు నన్నడుగకయే నా పేరు వ్రాయించినది. "నడిస్తె చాలు తాతా" అని చేయి పట్టుకొని తీసికొనిపోయెను. నా వయస్సు అరువదియెనిమిది. అచ్చట నాకంటె పెద్దవారును ఉండిరి. తల్లుల వ్రేలు పట్టుకొన్న చిన్నబిడ్డలును ఉండిరి. పంజాబునకు చెందిన ఫౌజాసింగు అను వృద్ధుడు 2011లో, తన నూఱవయేట, కెనడాలోని టొరంటో నగరమున పూర్తి మారథానును ముగించెనని దారిలో పిల్ల చెప్పెను. ఆయన మాంసము ముట్టెడివాడు కాడు, కాని పాలు, పెరుగు పుచ్చుకొనెడివాడు. నేను అయిదు కిలోమీటర్లును నడిచితిని. చివర అరికాళ్లలో చీమలు ప్రాకినట్లు తిమ్మిరి తోచెను. ముసలితనమని యెవరితోను చెప్పలేదు. ఈ తిమ్మిరిని తాము జ్ఞాపకముంచుకొనవలెను.

మధ్యాహ్నము భోజనమైన పిదప తీర్పు చెప్పుటకై పిల్లను పిలిచితిని. "బిడ్డా, నిరుడు పడితివి గదా. పాలు తాగితె పడకుందువేమో" అంటిని. ఆమె కోపింపలేదు. ఒక పుస్తకము తెచ్చి చూపెను. పడిన దినము మొదలు ఏమి తిన్నదో, వైద్యుడు ఏమి చెప్పెనో అన్నియు అందు వ్రాసికొన్నది. బడిపంతులును గావున పుస్తకమున్నచోట నేను మెత్తబడుదును. "పడ్డది పాలు లేక కాదు తాతా, తెలివి లేక" అని ఆమె మూడు తప్పులను లెక్కబెట్టి చెప్పెను. అవి పరుగెత్తువారికే కాదు, ఈ నియమము పట్టిన వారందరికిని పనికివచ్చును, కావున వివరించుచున్నాను.

మొదటి తప్పు కొలత. ఆకులును, కాయలును, పండ్లును తిన్న కడుపు నిండును గాని శక్తి చాలదు. పరుగెత్తువారు కిలో బరువునకు కిలోమీటరు దూరమునకు సుమారు ఒక కిలోకాలరీ శక్తి వ్యయము చేయుదురు. ఏబది కిలోల పిల్ల ఇరువదియొక్క కిలోమీటర్లు పరుగెత్తిన వేయి కిలోకాలరీలకు పైగా ఖర్చగును. ఈ శక్తిలో పెద్దభాగము మనము తిన్న అన్నము, రొట్టెలనుండి వచ్చిన చక్కెరయే. అది కండరములలోను, కాలేయములోను నిలువయుండును. బాగుగా తిన్నవారి శరీరమున ఇట్టి నిలువ అర్ధకిలో వఱకు నుండును. గాదె నిండియున్న సగము మారథాను పూర్తియగును. గాదె సగము ఖాళీగా బయలుదేరిన నడుమ దారిలో కాళ్లు నిలిచిపోవును. నిరుడు పరుగు ముందటి రాత్రి ఆమె తిన్నది కీరకాయ ముక్కలు, బొప్పాయి. తెల్లవాఱి ఏమియు తినక పరుగెత్తెను. "ఎడ్లను పస్తుంచి బండి కట్టినట్లయినది గదా" అంటిని. పిల్ల తల యూపెను.

రెండవది జోడింపు. కండ పుష్టికి మాంసకృత్తులు కావలెను. ఇవి మాంసమునందే గాక పప్పుధాన్యములలోను సమృద్ధిగా గలవు. నూఱు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, అంతే పల్లీలలో సుమారు 24 గ్రాములు, జొన్నలలో సుమారు 10 గ్రాములు మాంసకృత్తులుండును. ఒక దినమున మూడువందల గ్రాముల ధాన్యము, నూఱు గ్రాముల పప్పు, గుప్పెడు పల్లీలు తిన్న అరువది గ్రాములకు దగ్గఱగా సమకూడును. ఏబది కిలోల మనిషికి, పరుగెత్తునట్టిదైనను, అది ఇంచుమించు చాలును. అంతేకాక ధాన్యమునందు తక్కువైన లైసీనను పదార్థము పప్పునందు ఎక్కువ. పప్పునందలి కొఱతను ధాన్యము తీర్చును. అన్నములో పప్పు కలుపుకొనుట, రొట్టెతో పప్పు నంజుకొనుట మన పెద్దలు ఏ శాస్త్రమును చదివి కనుగొన్నారో గాని, అది సరియైన జోడింపు. ఇక పాలు మానినవారికి సున్నపు సత్త్వము, అనగా కాల్షియము, వేఱొకచోటినుండి రావలెను. మనము తైదలని పిలుచు రాగులలో నూఱు గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాములు, పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు కాల్షియము గలదు. పొట్టు తీయని నువ్వులలో తైదలకంటెను మిక్కిలి యెక్కువ. రక్తమునకు వలయు ఇనుము ఆకుకూరలనుండి, పప్పులనుండి వచ్చును. నిమ్మరసము, ఉసిరి తోడైన అది ఒంటికి బాగుగా పట్టును. భోజనముతో తేనీరు త్రాగిన పట్టదు. నిరుడు పిల్ల అన్నము తినుచునే తేనీరు త్రాగెడిది.

మూడవది మాత్ర. ఇది అన్నిటికంటె ముఖ్యము. బి-12 అను విటమిను చెట్టుచేమలు చేయునది కాదు, జంతువులును స్వయముగా చేయునది కాదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు మాత్రమే దానిని చేయును. పశువుల కడుపులోని సూక్ష్మజీవులు చేసిన ఆ విటమిను మాంసములోనికి, పాలలోనికి వచ్చి మనకు చేరును. ఒక మనిషికి దినమునకు వలసినది సుమారు రెండున్నర మైక్రోగ్రాములు. అనగా ఒక గ్రామును పదిలక్షల పాళ్లు చేసిన, అందు రెండున్నర పాళ్లు. ఇంత సూక్ష్మమైనను అది లేక రక్తము సరిగా పుట్టదు, నరములు దెబ్బతినును. కాలేయమున కొంత నిలువయుండుటచేత కొఱత వెంటనే కనబడదు. మానిన పిదప నెలలు, ఒక్కొక్కరికి సంవత్సరములు గడచిన తరువాత కనబడును. అందుచేతనే మనిషి మోసపోవును.

ఇందు విచిత్రమొకటి కలదు. ఇంగ్లండులో ఆ సంఘము వెలసినది 1944లో. బి-12ను శాస్త్రజ్ఞులు వేఱుపఱచి కనుగొన్నది 1948లో. అనగా నియమము ముందు పుట్టినది, నియమమునకు కావలసిన మందు నాలుగేండ్ల తరువాత పుట్టినది. నేడు ఆ విటమినును సూక్ష్మజీవులచేతనే పెంచి తీసి మాత్రలు చేయుచున్నారు. ఏ పశువునకును బాధ లేదు. కావున మాత్ర మ్రింగిన పిల్ల నియమమునకు భంగము లేదు. పడిపోయిన పిదప వైద్యుడు ఆమెకు ముందు సూదులిచ్చి, తరువాత మాత్రలు వ్రాసిచ్చెను. ఏడాదిలో రక్తము సరిపడెను. ఆ పరీక్షల కాగితములు కూడ ఆ పుస్తకమునందే యుండెను.

నేను కాగితములన్నియు చదివితిని. ఇక ఏమని తీర్పు చెప్పుదును? "నీ తల్లికి ఈ కాగితాలు చూపినవా?" అంటిని. "చూపనిస్తె గద తాతా! పాలు అన్న మాటకాడనే లొల్లి మొదలైతది" అనెను. ఆ సాయంకాలము కూతురిని, అల్లుడిని, నా భార్యను కూర్చుండబెట్టి, బడిలో చదివించినట్లు ఆ పుస్తకమును చదివి వినిపించితిని. అల్లుడు, "మామా, ఇది ముందే తెలిస్తే ఇంత భయం ఉండేది కాదు" అనెను. కూతురు మాత్రము, "ఇరవై కిలోమీటర్లు దాటినంక చూద్దాం" అనెను. తల్లి మనస్సు కాగితముతో తీఱునది కాదు.

ఆ రాత్రి వంటను కూతురే చేసెను. పిల్ల చెప్పినట్లు ఆకుకూరలు, పీచుగల కాయలు తగ్గించి, మెత్తని అన్నము, కొంచెము పప్పు, ఆలుగడ్డ కూర వడ్డించెను. పరుగు ముందటి రాత్రి పీచు ఎక్కువైన దారిలో కడుపు ఇబ్బంది పెట్టునట. పెరుగునకు మారుగా పల్లీలు నానబెట్టి, రుబ్బి, వడగట్టి, కాచి తోడు పెట్టిన తెల్లని పదార్థమును పిల్ల నాకు వడ్డించెను. నిజము చెప్పవలెనన్న అది పెరుగు కాదు. పులుపున్నది, చల్లదనమున్నది, పల్లీల వాసన యున్నది. నేను అన్నములో కలుపుకొని తింటిని. నా భార్య ఒక ముద్ద తిని, మిగిలినది నా విస్తరిలో వేసెను. ప్రేమతో పెట్టినదెల్ల రుచిగా నుండవలెనను నియమము లేదు.

ఆదివారము తెల్లవాఱుజామున మూడున్నర గంటలకు నేను లేచునప్పటికి వంటింట దీపము వెలుగుచుండెను. నా భార్య అటుకులు నానబెట్టి, బెల్లము, కొబ్బరి కలిపి, అరటిపండుతో పిల్ల ముందు పెట్టినది. సంచిలోని నేతిసీసా ముట్టలేదు. ఎండిన ఖర్జూరములు నాలుగు, కొంచెము ఉప్పు కలిపిన బెల్లపునీరు పిల్లకు దారికి ఇచ్చెను. ఇట్లు చేయుమని ఎవరును ఆమెకు చెప్పలేదు. పుస్తకము చదివినప్పుడు ఒక మూల కూర్చుండి వినినది.

ఆ పరుగు హుస్సేనుసాగరపు గట్టునందలి నెక్లెస్ రోడ్డున మొదలై గచ్చిబౌలి క్రీడామైదానమున ముగియును. హైదరాబాదు చదునైన ఊరు కాదు; దారి పొడవున ఎత్తులు, వంతెనలు. మేము గచ్చిబౌలిలో కూర్చుంటిమి. వేలకొలది జనులు పరుగెత్తి వచ్చుచుండిరి. నా కూతురు మాట్లాడలేదు. చేతి గడియారము చూచుకొనుచుండెను. పదునేడవ కిలోమీటరు దాటియుండు వేళకు ఆమె నా చేయి గట్టిగా పట్టుకొనెను. నేను ధైర్యము చెప్పుటకు ఒక కథ చెప్పితిని. అమెరికా దేశమున స్కాట్ జురెక్ అను నతడు కాలిఫోర్నియా కొండలలో నూఱు మైళ్ల పరుగును 1999 మొదలు 2005 వఱకు ఏడుసార్లు వరుసగా గెలిచెను. అతడును పాలు, మాంసము ముట్టనివాడే. "వాని సంగతి నాకెందుకు బాపూ? నా బిడ్డ రావాలె" అని ఆమె అనెను. సత్యము. దూరదేశపు దృష్టాంతము తల్లికి తృప్తినీయదు.

రెండుగంటల నలువది నిముషములకు పిల్ల వచ్చెను. అందరికంటె ముందు కాదు, అందరికంటె వెనుకయు కాదు. ముఖమున చెమట, పెదవులమీద ఉప్పు, కన్నులలో నవ్వు. నిలువున నడచి వచ్చి తల్లి భుజముమీద తల ఆనించెను. నా భార్య సంచిలోనుండి వేయించిన పల్లీలు, బెల్లము కలిపి చేసిన ఉండలు తీసి, ఒకటి పిల్ల నోట పెట్టి, "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగెను. "నీ చేతిది అమ్మమ్మా" అని పిల్ల బదులు చెప్పెను. ఏడాది కలహమునకు మందు ఆ రెండు మాటలే.

తొమ్మిది దినముల తరువాత, సెప్టెంబరు 3వ తేదీన, మా పాత వరంగల్లు జిల్లాకు చెందిన కల్లెడ గ్రామపు బిడ్డ జీవాంజి దీప్తి, పారిసు నగరమున జరిగిన పారాలింపిక్కులలో 400 మీటర్ల పరుగున కాంస్య పతకము పొందెను. ఆమె ఆహారమును గూర్చి చెప్పుట నా యుద్దేశము కాదు. మన పల్లెల ఆడబిడ్డల కాళ్లలో ఎంత బలమున్నదో, వారిని పరుగెత్తనిచ్చిన గాని తెలియదని చెప్పుటకే ఈ మాట.

సోమవారము కృష్ణాష్టమి. వెన్న పెట్టవలెనా, వద్దా? నా భార్య కొంతసేపు ఆలోచించి, "కుచేలుడు అటుకులే గద తెచ్చింది" అని అటుకులు, బెల్లము నైవేద్యము పెట్టెను. కాని దీపము మాత్రము తాను తెచ్చిన నేతితోనే వెలిగించెను. పిల్ల దానివైపు చూచెను. "అది నీ విస్తరిల వేయలేదు బిడ్డా. దీపం నాది" అని అమ్మమ్మ అనెను. పిల్ల మాఱు పలుకలేదు. ఒక ఇంట ఇద్దరు తమ తమ నియమములతో కూర్చుండుటకు ఆమాత్రము చోటు చాలునని నాకు తోచెను.

కథ ఇచ్చటితో ముగియలేదు. చెల్పూరు చేరిన పిదప నా అరికాళ్ల తిమ్మిరి తగ్గలేదు. మనుమరాలు టెలిఫోనులో పట్టుబట్టి, "తాతా, నువ్వు గూడ రక్తం చూపించుకో" అనెను. నేను నవ్వితిని, ఏలయన నేను రెండుపూటల పెరుగన్నము తినువాడను. అయినను చూపించుకొంటిని. నా బి-12 మిక్కిలి తక్కువగా నుండెను. నాకు పదునాలుగేండ్లుగా చక్కెర వ్యాధి కలదు. దానికై మెట్‌ఫార్మిను అను మాత్ర వాడుచున్నాను. ఆ మాత్రను చిరకాలము వాడిన కొందరికి ఈ విటమిను ఒంటికి పట్టుట తగ్గునని వైద్యుడు చెప్పెను. వయస్సు మీరినవారిలో కడుపులోని ఆమ్లము తగ్గుటచేతను ఇట్లగును. ఇప్పుడు నేనును ఆ మాత్రయే వేసికొనుచున్నాను; తిమ్మిరి చాలవఱకు తగ్గినది. పాలు మానిన పిల్లను దిద్దుటకు పోయిన తాతకు, పాలు త్రాగుచునే, అదే కొఱత యుండెను.

కావున పెద్దలారా, నా మనవి ఇంతియే. మీ యింటి బిడ్డ పాలు వద్దన్నచో, ముందు కోపింపవలదు, ముందు మురియవలదు, అడుగవలెను. కడుపునిండ ధాన్యము తినుచున్నావా? దానికి పప్పు జోడించుచున్నావా? బి-12 మాత్ర వైద్యుని అడిగి వేసికొనుచున్నావా? ఈ మూడింటికి అవునన్నచో, జొన్నరొట్టె, పుంటికూర పప్పు చేసి కడుపునిండ పెట్టవలెను; అది పరాయి తిండి కాదు. కాదన్నచో, పాలకై పోరుట మాని, ఆ మూడింటికై పోరవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, చిన్నబిడ్డలు ఈ నియమము పట్టునప్పుడు వైద్యుని సలహా లేక ఒక్క దినమును గడుపరాదు. అట్లే చక్కెర వ్యాధికి చిరకాలముగా మాత్రలు వాడుచు, కాళ్ల తిమ్మిరి గల పెద్దలు, అది ముసలితనమని యూరకుండక, తమ మాత్రలను తాము మానుకొనక, ఒకసారి రక్తము చూపించుకొనవలెను.

నేతిసీసాలో సగము దీపములకు పోయినది. మిగిలిన సగము మా యింటికి తిరిగి వచ్చినది. ఈ యేడు మనుమరాలు సంక్రాంతికి వచ్చునని జాబు పంపెను. నా భార్య సకినములకు నువ్వులు ఏరుచు, "దీంట్ల పాలు లేవు, నెయ్యి లేదు; ఎన్నైన తినని" అనుకొనుచున్నది.